సోలాపూర్ పిల్లల నెత్తురు చెప్పింది

సోలాపూర్ గురించి ఈ పత్రికలో ఇంతకు ముందే ఒకసారి రాశాను. అప్పటికి నేను ఆ ఊరు చూడలేదు. హైదరాబాదులో మా లేబొరేటరీ బల్ల ముందు కూర్చుని, అక్కడినుంచి వచ్చిన నెత్తుటి చుక్కలు పరీక్షించి, "నేతపేటల్లో మలేరియా పోయిందన్న మాట నిజం కాదు. పిల్లల నెత్తుట్లో దాని జాడ ఉంది. ఇంటింటికీ తిరగాల్సిన మనిషి తిరగలేదు" అని తేల్చేశాను. మొదటి మాట తప్పు. రెండోది తప్పు. మూడోది అన్యాయం.

ఆ మూడో మాటలోని మనిషి పేరు అంబదాసు. నేతపేటల్లో జ్వరాలు కనిపెట్టే వర్కరు. నా వ్యాసం పట్టుకుని అక్కడి ఆఫీసువాళ్ళు అతని మీద విచారణ వేశారు. విచారణకు ముందు పిల్లలను మళ్ళీ పరీక్ష చేసి చూపమని మా లేబొరేటరీ పెద్దాయన నన్నే పంపించాడు. పిల్లల్లో మళ్ళీ జాడ కనిపిస్తే అంబదాసు ఉద్యోగం పోతుంది. కనిపించకపోతే నా మాట పోతుంది. బయలుదేరిన రోజున, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మాటే నిలబడాలని కోరుకున్నాను.

వాడీ జంక్షన్

పగటి బండి. నా ఒళ్ళో పెద్ద థర్మాస్ డబ్బా. లోపల ఐసు మధ్య గాజు పలకలు. పరీక్షకు కావలసిన సరుకంతా వాటి మీదే ఉంటుంది, వేడెక్కితే పనికిరాదు. తాండూరు దాటాక ప్యాంటు చల్లగా తగిలింది. చూస్తే డబ్బా అడుగున సన్నటి పగులు. వాడీలో దిగి సోడా బండి దగ్గరికి పరుగెత్తాను. ఐసు ఊరికే అమ్మడట, సోడా తాగినవాళ్ళకే ఇస్తాడట. ఒక సోడాకు చిన్న ముక్క. అది చాలదు కదా! ఒకదాని మీద ఒకటి తాగి, డబ్బా నింపుకుని, కదులుతున్న బండి ఎక్కి, చాలాసేపు త్రేన్పులతోనే ప్రయాణం చేశాను.

ఎదుటి సీట్లో రాజేశం అనే ఆయన ఇదంతా చూసి నవ్వుకుంటున్నాడు. తాతల నాడు కరీంనగర్ వైపునుంచి వలస వెళ్ళిన కుటుంబం. సోలాపూర్‌లో పవర్‌లూములు పెట్టి టవళ్ళు నేయిస్తాడు. హైదరాబాదు దుకాణాలకు సరుకిచ్చి తిరిగి వెళుతున్నాడు.

"డబ్బల ఏమున్నది సార్? అంత పానం మీద పెట్టుకున్నరు!"

మలేరియా పరీక్ష సామాను అన్నాను. "సూది పొడిచి గాజు మీద రాస్తరు గదా, గిది గూడ గదేనా?" అని అడిగాడు. కాదని, ఇలా చెప్పాను. పెళ్ళయిపోయి చుట్టాలు వెళ్ళిపోతారు. కానీ వాకిట్లో పందిరి గుంజలు పాతిన గుంటలు చాలాకాలం కనిపిస్తాయి. గాజు మీద రాసి చూసే పాత పరీక్ష చుట్టాలు ఇంట్లో ఉన్నారా అని చూస్తుంది. మాది గుంటలు వెతుకుతుంది. మలేరియా ఒకసారి వచ్చి పోయినా దానితో పోరాడిన యాంటీబాడీలు నెత్తుట్లో ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయి. పెద్దవాళ్ళలో ఉంటే వింత కాదు, పాత రోజుల్లో వచ్చినవి. కానీ జబ్బు పోయిందంటున్న తరవాత పుట్టిన పిల్లల్లో ఉండకూడదు. వాళ్ళ వాకిలి చదునుగా ఉంటేనే ఆ ఊళ్ళో పెళ్ళి జరగలేదని నమ్మొచ్చు.

ఆయన బుర్ర ఊపాడు. సంచిలోంచి కడక్ భాక్రీ తీశాడు. మనం వేయించే అప్పడంలా పెళపెళలాడే జొన్నరొట్టె అది, వారాలపాటు నిలవ ఉంటుంది. దానితో శేంగా చట్నీ. మా భీమవరం వైపు వేరుశనగ పచ్చడంటే ఇడ్లీ మీద జారే ముద్ద. వీళ్ళది దంచిన ఎర్రకారం, పల్లీల నూనె దానంతట అదే పైకి తేలి మెరుస్తుంది. రెండు ముక్కలు తినేసరికి నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

"ఎవడో హైద్రాబాదుల కుర్చీల కూసోని రాసిండట సార్, మా తాన మలేరియా ఉన్నదని. మొన్న కోఠిల షావుకారు అడుగుతడు, రాజేశం, నీ టవళ్ళకేం జరం లేదు గదా అని! గా రాసినోడు దొరికితే..."

తరవాతి మాట పత్రికలో రాయదగినది కాదు. నేను కిటికీలోంచి చూస్తూ ఆయన రొట్టే నములుతూ కూర్చున్నాను. సోలాపూర్ ప్లాట్‌ఫారం మీద దిగాక, ఆయన నా డబ్బా అందిస్తుంటే ఇంక ఆగలేక, "రాసింది నేనేనండీ" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మిగిలిన చట్నీ పొట్లం తీసి నా జేబులో కుక్కాడు. "ఉంచుకో సార్. కారమున్నది. నీకు గదే సరిగ్గ కుదుర్తది."

అశోక్ చౌక్

బోర్డులన్నీ మరాఠీలో, మాటలన్నీ తెలుగులో ఉన్న కూడలి అది. రిక్షా అతను మరాఠీలో బేరం మొదలుపెట్టి, నా ముఖం చూసి, "ఎక్కుండ్రి, మనోళ్ళే గదా" అని తెలుగులో ఎక్కువ అడిగాడు. దుప్పట్ల మూటలు నెత్తిన పెట్టుకున్న సైకిళ్ళు, పూల జడలు, మరాఠీ పద్ధతిలో కట్టిన తొమ్మిది గజాల చీరల్లో తెలంగాణ మాటలు.

చాయ్ హోటల్లో అంబదాసు నా కోసం కూర్చుని ఉన్నాడు. నా వయసే ఉంటుంది. ఖాకీ చొక్కా, చెవుల దాకా మీసం, హోటలంతా వినబడే గొంతు.

"మీరేనా? నేనింక పెద్ద మనిషనుకున్న. రాతల చానా ఎత్తుగ కనపడ్డరు!"

పక్క బల్లలవాళ్ళు నవ్వారు. నేను చాయ్‌లోకి చూశాను.

"నాకేం శిక్ష ఏసిన్రో ఎర్కేనా? పేటలు తిరగద్దన్నరు. ఆఫీసుల ఫ్యాను కింద కూసోబెట్టిన్రు. పగార్ ఇస్తుండ్రు, చాయ్ ఇస్తుండ్రు. కాళ్ళు గుంజుతున్నయ్ సార్, నడవక! ఎండల తిరిగే గాడిదను నీడల కట్టేస్తే సచ్చిపోతది." తరవాత గొంతు తగ్గించాడు. "సోమారం చౌకశీ. ఇద్దరు బిడ్డల లగ్గాలు జేసిన ఈ నౌకరీ మీద. దొంగ తిరుగుళ్ళు తిరిగిండని పేరొస్తే అల్లుండ్ల ముందల ఎట్ల కూసుంట?"

చౌకశీ అంటే విచారణ. ఆ మాట అతను పలికిన తీరుకు నా నోట్లో చాయ్ చేదెక్కింది. అప్పటికీ మనసులో ఒక మూల, నా వ్యాసానికి ఆధారమైన నాలుగు ఇళ్ళు, నలుగురు పిల్లలు, నాలుగు చోట్లా జాడ, అదీ పక్కపక్క ఇళ్ళలో అనే లెక్కే ఆడుతోంది. మా శాస్త్రంలో పక్కపక్క ఇళ్ళలో జాడ కనిపించిందంటే అక్కడ దోమ పని చేస్తోందని అర్థం. దాన్ని కాదనడం ఎలా?

దాజీ పేట్

పరీక్షకు తోడుగా అతన్ని పంపమని ఆఫీసులో అడిగి, మర్నాడు ఇద్దరం దాజీ పేట్ వెళ్ళాం. సందులోకి తిరగకముందే చప్పుడు మొదలవుతుంది. ముందు గుంట మగ్గాల లయ, తరవాత పవర్‌లూముల మోత. అక్కడివాళ్ళు మోతలోనే మామూలుగా మాట్లాడుకుంటారు. మోత ఆగితే అరుచుకుంటారు, కరెంటు పోయింది గనక.

నీళ్ళు రోజూ రావు కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములూ సిమెంటు తొట్లూ ఉంటాయి. తొట్టిని హౌదు అంటారు. పట్నపు మలేరియా దోమకు ఇంతకంటే మంచి పుట్టిల్లు లేదు. అలాంటి ఊళ్ళో దోమ ఎలా పోయిందో నాకు బోధపడలేదు. ఒక ఇంటి వాకిట్లో చక్కటి పూల దుప్పటి పరిచిన మంచం ఉంటే, అంబదాసు ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నాడు కదా అని దాని మీద కూర్చున్నాను.

అది మంచం కాదు. హౌదు. మూతగా సోలాపూర్ దుప్పటి బిగించి తాడుతో కట్టారు. నడుము దాకా నీళ్ళలో పడ్డాను, కాళ్ళు బయట. దోమపిల్లలను తినడానికి వదిలిన చిన్న చేపలు చొక్కాలోకి దూరాయి. ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. నన్ను లాగుతుందనుకుంటే ముందు దుప్పటి లాగింది, నా చుట్టూ అంచులు సర్దింది.

"అవ్వా, ముందుగాల సారును తియ్యి!" అన్నాడు అంబదాసు నవ్వు ఆపుకోలేక.

"సారుకేమైతది? ఆరిపోతడు. కప్పు తీసుంటే నువ్వే గద తిడ్తవ్!"

నేతలో మచ్చ పడ్డ దుప్పటి బజారుకు పోదు. ఆ పేటల్లో మచ్చ దుప్పట్లన్నీ హౌదుల మీదికే వెళ్ళాయి. బట్ట నేసేవాళ్ళకు బట్ట కరువా? మేం భీమవరంలో కలెక్టరు చెప్పినా మూత పెట్టం, చెక్క కొనాలి కదా అంటాం. వీళ్ళు తమ చేతిలో ఉన్నదానితోనే ఊరి నీళ్ళన్నీ కప్పేశారు. తడిసిన ప్యాంటుతో సందంతా తిరిగి చూశాను. కప్పని తొట్టి కనబడలేదు. నా వ్యాసం అక్కడే సగం తడిసిపోయింది.

పిల్లల నెత్తుటి చుక్కలు తీసుకున్నాం. ఒక తండ్రి కుడి చేతి చూపుడువేలు పొడవనివ్వలేదు. తెగిన పోగు ముడి వేసే వేలట అది. పిల్లవాడు నేత నేర్చుకుంటాడో లేదో తెలియదు, వేలు మాత్రం ఇప్పటినుంచే దాస్తున్నాడు.

విడీ ఘర్కుల్

బీడీ కార్మికుల కాలనీ, ఇదీ అంబదాసు తిరిగే పేటల్లోదే. ఒకేలాంటి చిన్న ఇళ్ళు, ప్రతి గుమ్మంలో ఒళ్ళో చాట పెట్టుకున్న ఆడవాళ్ళు. తునికాకు కత్తిరింపు, చిటికెడు పొగాకు, ఒక చుట్టు, ఒక దారం. కబుర్లు ఆగవు, చేతులూ ఆగవు. గాలిలో పొగాకు ఘాటు. వచ్చిన వెంటనే నాకు తుమ్ములు పట్టుకున్నాయి.

ఆ నలుగురు పిల్లల ఇళ్ళూ ఈ కాలనీలోనే ఒక వరసలో ఉన్నాయి. మొదటిది నర్సవ్వ ఇల్లు. డెబ్బై దాటి ఉంటుంది. పళ్ళు లేవు, మాటకు మాత్రం పదునుంది. మనవడిని పిలవమన్నాను. వాడు సూది పొట్లం చూసి కోడలి కొంగులో దూరాడు.

నేను సూది పొట్లం విప్పేలోగా ముసలమ్మ చాట పక్కన పెట్టి, తన ఎడమ చేతి ఉంగరం వేలు నా ముందు చాపింది. "ఊఁ, పొడువు. పోయినసారి గూడ గిదే ఏలు."

"మీది కాదవ్వా, పిల్లాడిది."

"ఎర్కనే. పోరని పేరు మీదనే రాస్కో. రగతం నాది తీస్కో."

నా చేయి గాలిలో ఆగిపోయింది. అంబదాసు మీసం మీది చేయి కూడా ఆగిపోయింది.

"పోయినసారి కూడా మీదే ఇచ్చారా?"

"మల్ల? మీ హైద్రాబాదోళ్ళొచ్చిన్రు. పోరడు ఒక్కటే ఏడుపు. లోపల నేను పొడిచి తెస్తనని సూది, కాయితం తీస్కపోయిన. నాది పొడుసుకున్న, ఇచ్చిన. బండి దొరకదని వాళ్ళు తొందరల ఉండె." తరవాత కాస్త గర్వంగా వరసలోని మిగతా మూడు ఇళ్ళ వైపు చెయ్యి చూపింది. "వాళ్ళకు గూడ నేనే చెప్పిన. పోరలనెందుకు ఏడిపిచ్చుడు, ముసలోళ్ళున్నం గదా అని. ముగ్గురవ్వలు ఇచ్చిన్రు."

పక్కపక్క ఇళ్ళు! నేను దోమ అనుకున్నది నర్సవ్వ సలహా.

"అట్లా ఇవ్వొచ్చా అవ్వా, ఒకరి పేరు మీద ఇంకొకరిది?"

ఆమె నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూసింది. "బీడీ కార్డు మా కోడలి పేరు మీదున్నది. బీడీలు నేను చుడ్త. సాయంత్రం కారఖానల బిడ్డ పోయి ఇస్తది. ఎన్నడన్న ఎవ్వలన్న అడిగిండ్రా, ఇది ఎవ్వల చెయ్యని? చెకర్ బీడీ చూస్తడు గని చెయ్యి చూస్తడా? ఒక్క ఇంటి రగతమే గదా!"

కాలనీ అంతా అలాగే బతుకుతోంది. కార్డు మీద ఒక పేరు ఉంటుంది, ఇల్లంతా కలిసి పని చేస్తుంది. అందులో మోసం లేదు. ఆ అలవాటులోనే ఆమె నాకు నెత్తురిచ్చింది. మనవడికి నొప్పి తప్పించింది.

అంబదాసు ముందుకు వంగాడు. "అవ్వా, నీకు పోయినేడు జరమొచ్చె గదా? ఊర్ల దేవునికి చేస్కొనొచ్చినంక?"

"యేటేట వస్తది. మా అవ్వగారి ఊర్ల దోమలు ఇంతింతున్నయ్. నువ్వే గద గోలీలిచ్చినవ్, మింగేదాక కదలలే, యముని లెక్క నిలబడ్డవ్!"

నేను కింద కూర్చుని ఆమెకు పందిరి గుంజల కథ మళ్ళీ చెప్పాను. ఆమె చుట్టడం ఆపేసింది. ఆమె చేతులు ఆగడం అదే మొదటిసారి చూశాను.

"అంటే... నా జరం మనుమని నెత్తిన రాసిన్రా?"

"రాశాం. రాసింది నేను. దానివల్ల సోమవారం ఇతని ఉద్యోగం పోయేలా ఉంది."

ముసలమ్మ గబుక్కున లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను, అంబదాసు మీద పడింది. "ఓ అంబదాసూ! ఇంత మీసం పెంచినవ్, ముందుగాలనే వచ్చి అడుగొద్దా? ఫ్యాను కింద కూసున్నవా?" తరవాత వరసంతా వినబడేలా కేక పెట్టింది. "ఓ పోచవ్వా, లక్ష్మీ! పోరలను పట్టుకొని రాండ్రి! ఈపాలి ఎవ్వలిది వాళ్ళదే ఇయ్యాల్నట!"

పిల్లల పరుగులు, కోడళ్ళ వేట, ఏడుపులు, మధ్యలో నా తుమ్ములు. వేలు ఇవ్వమంటే ఒక్కడూ ఇవ్వలేదు. చివరికి చెవితమ్మె దగ్గర పొడిచాం, కనబడదు గనక భయం లేదు. ఆ నలుగురివే కాదు, వరసలో ఉన్న పిల్లలందరివీ తీసుకున్నాం. పక్కనే నర్సవ్వ చుక్క కూడా, ఈసారి ఆమె పేరు మీదే. కాగితాలు ఆరడానికి బీడీల చాటలే ఇచ్చారు. పని అయ్యాక గిన్నెలో జొన్న అంబలి, మీద పచ్చి ఉల్లిపాయ. డబ్బు ఇవ్వబోతే నర్సవ్వ, "అన్నం పెట్టినోళ్ళకు పైసలిస్తరా మీ ఆంధ్రల?" అంది. ఇవ్వం అవ్వా, అసలు పిలవం అన్నాను. వరసంతా నవ్వింది.

కాలేజీ గదిలో

ఊళ్ళో ఒక కాలేజీవారు దయతో తమ మైక్రోస్కోపు వాడుకోనిచ్చారు. ఆరిన చుక్కలను నానబెట్టి, ఐసులో తెచ్చిన పలకల మీద వేసి, కడిగి, రంగు పూసి, ఆదివారానికి సిద్ధం చేశాను. ఈ పరీక్షలో యాంటీబాడీలు ఉంటే అద్దంలో పచ్చటి మెరుపు కనిపిస్తుంది. లేకపోతే చీకటి.

అంబదాసు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ప్రసవం గది బయట నిలబడ్డ మగాడిలా ఉన్నాడు.

ముందు నర్సవ్వ చుక్క పెట్టాను. పచ్చగా వెలిగింది, దీపావళి మతాబులా. అంటే నా పలకలు పాడవలేదు, పరీక్ష పని చేస్తోంది. తరవాత ఆమె మనవడిది. చీకటి. రెండో పిల్లది. చీకటి. మూడోది, నాలుగోది. కాలనీ పిల్లలు, దాజీ పేట్ పిల్లలు. కన్ను నొప్పి పుట్టేదాకా చూశాను. ఒక్క మినుకూ లేదు. ఆ చీకట్లో ఒక తరం పిల్లలు, ఒక్క చలిజ్వరం కూడా ఎరగకుండా పెరుగుతున్నారు. అంబదాసును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అద్దం ముందు కూర్చోబెట్టాను.

అతను చాలాసేపు చూశాడు.

"ఏం కనపడతలేదు సార్."

"అదే అంబదాసూ! అది నీ పని."

అతను మళ్ళీ వంగి చూశాడు. లేచేసరికి మీసం తడిసి ఉంది. "ఏమీ లేకపోవుడు ఇంత ముద్దుగుంటదా!" అన్నాడు.

చౌకశీ, ఆ తరవాత

సోమవారం పెద్దలు వరసగా కూర్చున్నారు. నాకు మరాఠీ రాదు, హిందీ కుంటిది. ఆ కుంటి హిందీలోనే చెప్పాను: తిరగని మనిషి ఇతను కాదు, నేను. నాలుగు చుక్కలూ నలుగురు అవ్వలవి. మా మనుషులు చూసి తీసుకోలేదు, నేను వచ్చి అడగలేదు. పిల్లల నెత్తురు శుభ్రం. నమ్మకపోతే మైక్రోస్కోపు సిద్ధంగా ఉంది, నర్సవ్వ బయట కూర్చుని ఉంది. ఒక పెద్దాయన నర్సవ్వను పిలిపించాడు కూడా. ఆమె వచ్చి వేలు చాపి నిలబడింది. గదంతా నవ్వులు. విచారణ అక్కడితో ముగిసింది. అంబదాసు పేటలు అతనికి ఇచ్చేశారు.

మంగళవారం నా బండి సాయంత్రం. పొద్దున్నే అతనితో పేటలకు వెళ్ళాను. వార్త ముందే చేరిపోయింది. చాయ్ హోటలువాడు అంబదాసు దగ్గర చాయ్‌కి డబ్బు తీసుకోలేదు, నా దగ్గర మాత్రం తీసుకున్నాడు. న్యాయమే. దాజీ పేట్ సందు మొదట్లో అంబదాసు నిలబడి, చొక్కా సర్దుకుని, మగ్గాల మోతను మించేలా తన పాత కేక వేశాడు.

"జరమున్నదా?"

మొదటి ఇంట్లోంచి ఒక మగగొంతు: "లేదు!" పక్కింట్లోంచి కోడలు: "లేదన్నా!" మోతలో వినబడని ఇళ్ళవాళ్ళు కిటికీలోంచి చెయ్యి ఊపారు. ఒకావిడ మగ్గం ఆపి మరీ బయటికొచ్చి చెప్పి వెళ్ళింది. పిల్లలకు అది ఆటయిపోయింది. అతను పిలవకముందే ప్రతి గుమ్మం ముందూ నిలబడి, చెవితమ్మెలు చూపిస్తూ, "లేదూ! లేదూ!" అని అరుస్తూ సందు ఆ చివరిదాకా పరుగెత్తారు.

అంబదాసు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "ఇన్నరా? రాస్కోండ్రి."

ఆ సందులోనే నిలబడి రాసుకున్నాను.